స్వలింగ ప్రేమ - పత్రికలు - అభ్యుదయవాదులు

మొన్న మా జిల్లా శాఖ సమావేశం ముగిసి అందరం టీ తాగుతూ నిలబడి ఉండగా, నేనెంతో గౌరవించే ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. ముప్పయ్యేళ్లు కాలేజీలో చరిత్ర చెప్పిన మనిషి. "ఏమోయ్, స్వలింగ సంపర్కుల మీద వ్యాసం రాస్తున్నావట గదా! కలవారి పిల్లలు అమెరికా నుంచి తెచ్చుకున్న జబ్బది. రైతుల ఆత్మహత్యలు అయిపోయినాయా, కాంట్రాక్టు లెక్చరర్ల జీతాలు వచ్చేసినాయా, నీకు రాయటానికి ఇదే దొరికిందా?" అన్నారు. "మాష్టారూ, అచ్చయిన తర్వాత చదివి తిడుదురుగాని" అన్నాను. "చదవకుండానే తిట్టగలనయ్యా" అన్నారాయన నవ్వుతూ. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన మాటల్లో మూడు అభిప్రాయాలు కలగలిసి ఉన్నాయి. ఇది కలవారి వ్యవహారం. ఇది పరాయి దేశాల సరుకు. కడుపు నిండనివాళ్లున్న దేశంలో దీన్ని గురించి మాట్లాడటం ఉద్యమాన్ని పక్కదారి పట్టించటం. ఈ మాటలు ఛాందసుడి నోట వస్తే నేను కలం పట్టను. ఛాందసుడు తన పని తాను చేస్తున్నాడు. ఇవి మన నోటనే, మార్క్సిజం పేరుతో వస్తున్నాయి గనుక రాయవలసి వచ్చింది.

వాదంలోకి దిగేముందు ఒక సంగతి జ్ఞాపకం చేస్తాను. 2011 ఫిబ్రవరిలో టీవీ9 వార్తా చానెల్, హైదరాబాదులో "గే సంస్కృతి" పెచ్చుపెరిగిపోయిందంటూ ఒక కథనాన్ని ప్రసారం చేసింది. విలేఖరులు తాము ఎవరో చెప్పకుండా, స్వలింగ ప్రేమికులు ఒకరినొకరు పరిచయం చేసుకునే ఇంటర్నెట్ వేదికలో చేరారు. అక్కడి మనుషులతో ఫోనులో మాట్లాడారు. ఆ మాటలను వాళ్లకు తెలియకుండా రికార్డు చేశారు. వాళ్ల ఫొటోలతో సహా ఊరందరి ఇళ్లలోకీ తెచ్చి కుమ్మరించారు. ఆ మనుషులు చేసిన నేరమేమిటి? ఒకరి సొమ్ము తినలేదు, ఒకరిని కొట్టలేదు. యుక్తవయసు వచ్చినవాళ్లు, తమ ఇష్టంతో, తమలాంటి మరొకరితో స్నేహం కోరుకున్నారు. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు ఇటువంటి సంబంధం నేరం కాదని తీర్పు చెప్పి అప్పటికి ఏడాదిన్నర దాటింది. చట్టం నేరం కాదన్నదాన్ని టెలివిజన్ నేరంగా చూపించింది. న్యాయస్థానం విడిచిపెట్టినవాణ్ణి వీధిలో నిలబెట్టి విచారించింది.

నిరసనలు వచ్చాయి. వార్తా ప్రసారాల ప్రమాణాలను చూడటానికి చానెళ్లవారే పెట్టుకున్న ప్రాధికార సంస్థ విచారణ జరిపింది. మాజీ ప్రధాన న్యాయమూర్తి జె.ఎస్. వర్మ దానికి అప్పుడు అధ్యక్షుడు. వ్యక్తుల ఆంతరంగిక జీవితంలోకి అకారణంగా చొరబడ్డారనీ, రహస్య చిత్రీకరణ అనే పనిముట్టును దుర్వినియోగం చేశారనీ తేల్చి, 2011 మార్చిలో లక్ష రూపాయల జరిమానా వేసి, వరసగా మూడు రోజులు క్షమాపణ ప్రసారం చేయమని ఆదేశించింది. మంచిదే. కాని ఆ ఫొటోలో ఉన్న కుర్రవాడు ఆ రాత్రి ఇంటికి ఎట్లా వెళ్లాడో, అసలు వెళ్లగలిగాడో లేదో ఏ ఉత్తర్వులోనూ ఉండదు. అద్దెకున్న గది ఉందో ఊడిందో, దుకాణంలో పని ఉందో ఊడిందో కూడా ఉండదు.

రహస్య చిత్రీకరణను పూర్తిగా నిషేధించాలని నేననటం లేదు. లంచం తీసుకునే అధికారి ఎదుట, ఓటును అమ్ముకునే ప్రజాప్రతినిధి ఎదుట విలేఖరికి మరో ఆయుధం ఉండదు. బలవంతుడు దాచిపెట్టినదాన్ని బయటికి లాగటానికి పుట్టిన సాధనమది. దాన్ని తిప్పి, దాక్కోకపోతే బ్రతకలేని బలహీనుడి గదిలోకి గురిపెట్టటంలో పరిశోధన ఎక్కడుంది? ఇద్దరూ దాస్తున్నారు గదా అనేవాళ్లున్నారు. దొంగ తలుపు వేసుకుంటాడు, దొంగకు భయపడినవాడూ తలుపు వేసుకుంటాడు. ఆ తేడా తెలియని పత్రికా రచయితకు ప్రెస్ కార్డు ఇవ్వటమే పొరపాటు.

ఇంకొక సంగతి నావంటి ఉపాధ్యాయులకు మరింత దగ్గరిది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో రామచంద్ర సిరాస్ అనే ఆచార్యుడు ఉండేవారు. మరాఠీ చెప్పేవారు, కవి. మహారాష్ట్ర సాహిత్య పరిషత్తు పురస్కారం అందుకున్నవారు. పదవీ విరమణ కొద్ది నెలల్లోకి వచ్చింది. 2010 ఫిబ్రవరి 8వ తేదీ రాత్రి కెమెరాతో ఇద్దరు మనుషులు ఆయన ఇంట్లోకి జొరబడి, ఆయన మరొక పురుషుడితో ఉండగా చిత్రీకరించారు. మర్నాడు విశ్వవిద్యాలయం సస్పెండు చేసింది, జొరబడ్డవాళ్లను కాదు, ఆచార్యుణ్ణి. ఆయన అలహాబాదు హైకోర్టుకు వెళ్లారు. ఏప్రిల్ 1న కోర్టు ఆ సస్పెన్షన్‌ను నిలిపివేసింది. ఏప్రిల్ 7న ఆయన అద్దె ఇంట్లో శవమై కనిపించారు.

ఈ కథలో మన మాష్టారు వంటివారు గమనించవలసిన సంగతి ఒకటుంది. సిరాస్‌తో ఉన్న మనిషి రిక్షా తొక్కేవాడు. వార్త రాసినవాళ్లు ఆ మాటను పదే పదే రాశారు. ఆచార్యుడెక్కడ, రిక్షావాడెక్కడ అన్న ఆశ్చర్యం అందులో ఉంది. పురుషుడు పురుషుణ్ణి ప్రేమించటం ఒక తప్పు, పెద్ద చదువులవాడు శ్రమజీవిని ఇంట్లోకి రానివ్వటం రెండో తప్పు. కలవారి జబ్బు అంటున్నారు గదా, ఆ రిక్షా తొక్కిన యువకుడు ఏ కలవారి పిల్లవాడు? ఆచార్యుడి తరఫున కోర్టుకు వెళ్లటానికి కొందరైనా ముందుకు వచ్చారు. రిక్షావాడి తరఫున ఎవరు వెళ్లారు? డబ్బున్నవాడికి నగరంలో తలుపున్న గది ఉంటుంది, పరువున్న వకీలు ఉంటాడు, తప్పనిసరైతే విమానం టికెట్టు ఉంటుంది. బస్టాండు పక్కన, పార్కులో, రైలుకట్ట మీద పోలీసుకు దొరికి, ఉన్న డబ్బులిచ్చి, దెబ్బలు తిని పోయేవాడు పేదవాడే. కలవారి పిల్లలు మాత్రమే మనకు కనబడుతున్నారంటే, ఇంగ్లీషు పత్రికల్లో మాట్లాడే అవకాశం వాళ్లకే ఉందని అర్థం గాని, మిగిలినవాళ్లు లేరని కాదు.

తెలుగు చెప్పుకు బ్రతికేవాణ్ణి గనుక మాటల దగ్గర కొంచెంసేపు ఆగుతాను.

మన దినపత్రికలు ఈ మనుషులను "స్వలింగ సంపర్కులు" అంటాయి. సానుభూతితో రాసేవాళ్లూ అదే మాట రాస్తారు. ఒకప్పుడు నేనూ రాశాను. సంపర్కమంటే కలయిక, తాకిడి. ఒక మనిషికి ఇల్లు ఉంటుంది, అమ్మానాన్నలుంటారు, ఉద్యోగం, అప్పులు, జ్వరాలు, ఇష్టమైన పాటలు ఉంటాయి. ఇవన్నీ కొట్టేసి పడకగదిలోని ఒక్క క్రియను మిగిల్చి, అదే అతని పేరని అచ్చువేయటం ఏం సంస్కారం? పెళ్లిపందిట్లో పీటల మీద కూర్చున్న వధూవరులను "భిన్నలింగ సంపర్కులు" అని శుభలేఖలో వేయించగలమా? ఒక జంటకు ప్రేమ, పెళ్లి, సంసారం, దాంపత్యం అని నాలుగు మాటలున్నాయి. ఇంకొక జంటకు సంపర్కం ఒక్కటే. మాట అట్లా ఉన్న తర్వాత వార్త ఎంత న్యాయంగా రాసినా చదివేవాడు ముక్కు మీద వేలు వేసుకునే చదువుతాడు.

కులాన్ని బట్టి మనిషిని కించపరిచే సామెతలు పాఠ్యపుస్తకాలలో ఉండకూడదని అభ్యుదయ రచయితలు పోరాడారు. మాట మారితే కులం పోతుందా అని అప్పుడూ అడిగినవాళ్లున్నారు. పోదు. కాని మాటను అట్లాగే ఉంచి కులాన్ని తీసేయటం కూడా ఎవరివల్లా కాలేదు.

సరే, పత్రికల సంగతి అది. మన వేదికల సంగతేమిటి? మంత్రి చేతకానితనాన్ని విమర్శించవలసి వస్తే "గాజులు తొడుక్కుని కూర్చో" అని మైకులో అరిచే వక్తలు మనలో ఎంతమంది లేరు? కార్యాలయాల ముందు ధర్నాచేసి అధికారికి చీర, గాజులు బహూకరించటం ఒక నిరసన రూపంగా చెలామణి అవుతున్నది. "ఆడంగి" అన్న తిట్టుకు చప్పట్లు పడుతున్నాయి. ఆడతనం అవమానమని నమ్మినవాడికే ఆ చీర నిరసనగా తోస్తుంది. ఆ సభలోనే మహిళా సంఘం కార్యకర్తలు ముందు వరసలో కూర్చుని ఉంటారు. వెనక వరసలో ఎక్కడో, సన్నని గొంతు ఉన్న ఒక కుర్రవాడు కూడా కూర్చుని ఉంటాడు. ఉద్యమంలో చేరుదామనే వచ్చి ఉంటాడు.

సినిమాల సంగతి విస్తరించి చెప్పను. చేతులు తిప్పుకుంటూ నడిచే మగవాణ్ణి తెర మీదికి తెచ్చి హాస్యం పండిందనుకోవటం మన దర్శకులకు దశాబ్దాలుగా అలవాటు. ఆ పాత్ర తన్నులు తింటే హాలు ఘొల్లుమంటుంది. కొట్టేవాడు కథానాయకుడే అవుతాడు.

ఇప్పుడు నా సంగతి. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం డిగ్రీ తరగతికి తిక్కన విరాటపర్వం చెబుతున్నాను. ఉత్తర గోగ్రహణ ఘట్టం. బృహన్నలను సారథిగా తీసుకుపొమ్మంటే ఉత్తరుడు తటపటాయించే చోటు. వెనక బెంచీలోంచి ఎవరో ఒక విద్యార్థి పేరు పట్టుకుని "బృహన్నల మన దగ్గరా ఉన్నాడు సార్" అన్నారు. తరగతి అంతా గొల్లున నవ్వింది. ఆ పిల్లవాడు తల వంచుకుని పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను మందలించలేదు. కొత్త లెక్చరర్ని, పిల్లలతో సరదాగా ఉండాలనుకున్నాను, ఒక చిరునవ్వు నవ్వి పద్యం అందుకున్నాను. ఆ చిరునవ్వుతో తరగతికి నా అనుమతి దొరికింది. తర్వాత రెండు నెలల పాటు ఆ పిల్లవాడి పేరే బృహన్నల అయింది. ఆ తర్వాత అతను రావటం మానేశాడు. హాజరుపట్టీలో వరసగా గైర్హాజరు గుర్తులు పెట్టింది నేనే. సంవత్సరాంతంలో అతని పేరు కొట్టేసిందీ నేనే.

ఆ పిల్లవాడు ఎవరిని ప్రేమించేవాడో నాకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. నడకను బట్టి, గొంతును బట్టి జనం తీర్పు చెప్పేశారు. ఇక్కడ ఇంకొక గందరగోళం కూడా ఉంది. మగపిల్లవాడిలో కనిపించే సౌకుమార్యం ఒకటి. పురుషుడు పురుషుణ్ణి, స్త్రీ స్త్రీని ప్రేమించటం మరొకటి. పుట్టినప్పుడు పెట్టిన లింగం తనది కాదని తెలుసుకుని హిజ్రాగానో ట్రాన్స్‌జెండరుగానో బ్రతకటం వేరే ఒకటి. పత్రికలూ సినిమాలూ ఈ మూడింటినీ ఒకే మూట కట్టి ఒకే నవ్వు నవ్వుతున్నాయి. మనుషులు వేరైనా పడే దెబ్బ మాత్రం ఒకటే గనుక వీళ్లంతా ఒక జెండా కింద నిలబడ్డారు. నైజాం కాలంలో ఫసలీ 1329లో వచ్చిన ఒక చట్టం, ఆడవేషంలో వీధిలో కనబడిన హిజ్రాలను వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారాన్ని పోలీసులకిచ్చింది. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, విడిపోయింది. ఆ చట్టం మాత్రం పుస్తకాలలో ఉండనే ఉంది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు కోర్టుకెక్కిన తర్వాత 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేసింది. నిజాం మీద సాయుధంగా పోరాడిన వారసత్వం మనదని చెప్పుకుంటాం గదా, ఆ చట్టం ఉన్నదని మనలో ఎందరికి తెలుసు? నాకు తీర్పు వచ్చిన తర్వాతనే తెలిసింది.

"పరాయి దేశాల సరుకు" అన్నమాటకు వస్తాను. పరాయి దేశం నుంచి వచ్చిన సరుకు ఒకటి నిజంగానే ఉంది. 1837లో మెకాలే ముసాయిదా తయారుచేస్తే 1860లో శాసనమై వచ్చిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షను. "ప్రకృతి విరుద్ధం" అనే పేరుతో యావజ్జీవ శిక్ష దాకా వేయటానికి వీలిచ్చిన సెక్షను అది. ఇంగ్లండు తన దేశంలో 1967లో ఆ శిక్షలను సడలించుకున్నది. మనం స్వతంత్రులమై కూడా దాన్ని 2018 దాకా మోశాం. స్వలింగ ప్రేమను వలసవాదపు మరక అని తిట్టి, వలసపాలకుడు రాసిన శిక్షను భారతీయ సంస్కృతి అని కాపాడుకున్న విడ్డూరం మనది. తాపీ ధర్మారావుగారు 1936లోనే "దేవాలయాల మీద బూతు బొమ్మలెందుకు?" అని పుస్తకం రాశారు. 1943లో తెనాలిలో మన సంఘం పుట్టినప్పుడు ఆయనే తొలి అధ్యక్షుడు. కామం గురించి సిగ్గుపడకుండా, చొంగకార్చకుండా, చరిత్ర విద్యార్థిలాగా మాట్లాడవచ్చునని ఆయన చేసి చూపించారు. మనం ఆయన ఫొటోకు దండవేసి పుస్తకాన్ని అల్మారాలో పెట్టాం.

ఇక అసలు మాట. "ఇది బూర్జువా పతనం, శ్రామికవర్గానికి దీనితో పనిలేదు" అనే వాదం ఎక్కడ పుట్టింది? మార్క్సిస్టు ఉద్యమపు తొలినాళ్లలో అది లేదు. జర్మనీలో పురుషుల మధ్య సంబంధాన్ని శిక్షించే 175వ నిబంధనను రద్దుచేయాలని డాక్టర్ మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ సంతకాలు సేకరిస్తే, 1898లో పార్లమెంటులో లేచి ఆ కోరికను బలపరిచినవాడు ఆగస్ట్ బెబెల్. స్త్రీల విముక్తి గురించి రాసి మనందరి చేత చదివించిన బెబెల్. రష్యాలో విప్లవం జారు చట్టాలను తోసిపారేసింది. 1922 సోవియట్ శిక్షాస్మృతిలో ఇది నేరంగా లేదు. మళ్లీ నేరమైంది 1934లో, స్టాలిన్ హయాంలో, అయిదేళ్ల దాకా జైలుశిక్షతో. ఆ సంవత్సరమే మక్సీం గోర్కీ, మనం "అమ్మ" చదివి తలకెత్తుకున్న గోర్కీ, స్వలింగ ప్రేమను ఫాసిజంతో ముడిపెట్టి వ్యాసం రాశాడు.

ఆయన ఆ వ్యాసం రాయటానికి ఏడాది ముందు, 1933 మే 6న, బెర్లిన్‌లో నాజీ మూక హిర్ష్‌ఫెల్డ్ స్థాపించిన పరిశోధనాలయాన్ని కొల్లగొట్టింది. మే 10న ఆ పుస్తకాలను వీధిలో పోసి తగలబెట్టింది. నాజీల పుస్తక దహనం అని మన సభల్లో చూపించే ఫొటోల్లో కాలుతున్నవాటిలో ఆ గ్రంథాలయమూ ఉంది. తర్వాత స్వలింగ ప్రేమికులను వేల సంఖ్యలో నిర్బంధ శిబిరాలకు తోలి, చొక్కా మీద గులాబిరంగు త్రికోణం కుట్టారు. ఫాసిజం ఎవరిని చంపుతున్నదో వాళ్లనే ఫాసిజానికి మూలమన్నాడు మహారచయిత. గోర్కీని తీసేయమని నేననటం లేదు. "అమ్మ"ను వచ్చే సంవత్సరం కూడా పిల్లలచేత చదివిస్తాను. ఆయన ఇక్కడ తప్పు చేశాడని చెప్పి మరీ చదివిస్తాను.

అప్పుడు మాస్కోలో హారీ వైట్ అనే బ్రిటిష్ కమ్యూనిస్టు పత్రికా రచయిత పనిచేస్తున్నాడు. స్వలింగ ప్రేమికుడు. కొత్త చట్టాన్ని చూసి అతను పారిపోలేదు. స్వలింగ ప్రేమికుడు కమ్యూనిస్టు పార్టీ సభ్యుడుగా ఉండటానికి తగునా అని మార్క్సిస్టు పద్ధతిలో వాదిస్తూ 1934లో నేరుగా స్టాలిన్‌కు పెద్ద ఉత్తరం రాశాడు. స్టాలిన్ దాని మీద రెండు తిట్లు రాసి దస్తావేజుల కొట్టుకు పంపించాడు. సోవియట్ యూనియన్ పోయిన తర్వాత గాని ఆ ఉత్తరం లోకానికి తెలియలేదు. ప్రశ్న అడిగినవాడికి తిట్టు జవాబుగా వచ్చిందంటే, వాదం లేదన్నమాట. మా సమావేశం దగ్గర టీకప్పులతో నవ్విన నవ్వు కూడా అటువంటి జవాబే.

మన దేశంలో? 1994లో బొంబాయిలో స్వలింగ ప్రేమికులు ఒక సమావేశం జరుపుకోబోతే, దాన్ని ఆపించమని ప్రధాని పి.వి. నరసింహారావుకు ఉత్తరం రాసినవారు విమలా ఫారూఖీ. ఏ మత సంస్థ నాయకురాలో కాదు, మన జాతీయ మహిళా సమాఖ్య నాయకురాలు. కారణం పాశ్చాత్య సంస్కృతి దండయాత్ర! స్త్రీల హక్కుల కోసం జీవితమంతా పనిచేసిన మనిషి ఈ ఒక్కచోట ప్రత్యర్థుల భాషలో మాట్లాడింది. అప్పటికి మూడేళ్ల ముందే, 1991లో, ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే చిన్న బృందం ఢిల్లీలో స్వలింగ ప్రేమికుల పరిస్థితి మీద నివేదిక ప్రచురించింది. 1992లో పోలీసుల వేధింపులకు వ్యతిరేకంగా పోలీసు ప్రధాన కార్యాలయం ముందు ధర్నా చేసింది. 1994లో 377వ సెక్షనును సవాలు చేస్తూ హైకోర్టుకు వెళ్లింది. రక్తం అమ్ముకునేవాళ్ల గురించి, జైళ్లలోని ఖైదీల గురించి పనిచేసిన బృందం అది. ఆ కొద్దిమంది చేసినది వామపక్షపు పనే. పెద్ద పార్టీలు ఆ సమయంలో చేతులు కట్టుకుని కూర్చున్నాయి. 2003లో బృందా కారత్ 377వ సెక్షనుకు వ్యతిరేకంగా గట్టిగా రాసేనాటికి గాని ఆ కట్టు సడలలేదు. సడలించినవారిని మెచ్చుకోవలసిందే.

రచయితలుగా మనకు ఇంతకంటె మంచి వారసత్వం కూడా ఉంది. ఇస్మత్ చుగ్తాయ్ 1942లో "లిహాఫ్" కథ ప్రచురించింది. నవాబు నిర్లక్ష్యం చేసిన బేగం, ఆమె దాసి, వాళ్ల మధ్య సంబంధం, ఒక చిన్నపిల్ల కళ్లతో చూసినది. అశ్లీలమని లాహోరులో కేసు పెట్టారు. ఆమె క్షమాపణ చెప్పలేదు, కేసు నిలవలేదు. అభ్యుదయ రచయితలలోనే కొందరికి ఆ కథ మింగుడుపడలేదు. 1945లో మన హైదరాబాదులోనే జరిగిన ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభలో సాహిత్యంలో అశ్లీలతను ఖండిస్తూ ఒక తీర్మానం వచ్చింది. దాన్ని ఎదిరించినవాడు మౌలానా హస్రత్ మొహానీ. ఐదుపూటలా నమాజు చేసే మౌలానా, కమ్యూనిస్టు, గజల్ కవి. తీర్మానం ఆమోదం పొందలేదు. ఆ మౌలానాకున్న విశాలత ఎనభై యేళ్ల తర్వాత మన జిల్లా శాఖకు ఉండకూడదా?

"లిహాఫ్" స్వలింగ ప్రేమను భూస్వామ్యపు కొంపలో పుట్టిన వికారంగా చూపిందని విమర్శించేవాళ్లున్నారు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. దాని మీద వేరే వ్యాసం రాయవచ్చు. ఆ కథ స్ఫూర్తితో తీసిన "ఫైర్" చిత్రం 1998 డిసెంబరులో ఆడుతున్న హాళ్ల మీద శివసేన దాడిచేసి అద్దాలు పగలగొట్టిందని మాత్రం మరచిపోవద్దు.

"ముందు అన్నం" అనే మాట మిగిలింది. బ్రిటన్‌లో 1984 మార్చి నుంచి ఏడాదిపాటు బొగ్గుగని కార్మికులు సమ్మె చేశారు. కోర్టు యూనియన్ నిధులను స్తంభింపజేసింది. గనుల పల్లెల్లో పొయ్యిలో పిల్లి లేవని రోజులు. అప్పుడు లండను వీధుల్లో డబ్బాలు పట్టుకుని చందాలు పోగుచేసినవాళ్లలో స్వలింగ ప్రేమికుల బృందం ఒకటుంది. దాని నిర్మాతలలో మార్క్ ఆష్టన్ యువ కమ్యూనిస్టు. పోగుచేసిన డబ్బు దక్షిణ వేల్స్‌లోని డులైస్ లోయకు పంపించారు. తమ మీద పత్రికలు విసిరే తిట్టునే పేరుగా పెట్టుకుని సమ్మె నిధికి సంగీత కచేరీ చేశారు. గని కార్మికులు, వాళ్ల భార్యలు మొదట బిడియపడ్డారు, తర్వాత ఇళ్లకు పిలిచి భోజనం పెట్టారు. సమ్మె ఓడిపోయింది. కాని 1985లో లండనులో స్వలింగ ప్రేమికుల ఊరేగింపుకు ముందు గని కార్మికులు తమ బ్యానర్లతో నడిచారు. ఆ సంవత్సరమే లేబర్ పార్టీ మహాసభలో వీళ్ల హక్కుల తీర్మానం నెగ్గటానికి గని కార్మికుల యూనియన్ ఓట్లు తోడ్పడ్డాయి. అన్నం ముందా, గౌరవం ముందా అని ఆ లోయలో ఎవరూ లెక్కలు వేయలేదు. మార్క్ ఆష్టన్ 1987లో ఎయిడ్స్‌తో చనిపోయాడు. అప్పటికి అతనికి ముప్పయ్యేళ్లు నిండలేదు.

చట్టం ఎక్కడిదాకా వచ్చిందో రెండు మాటల్లో చెబుతాను. ఢిల్లీ హైకోర్టు తీర్పును 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తిరగదోడింది. వీళ్లు దేశ జనాభాలో అత్యల్ప సంఖ్యాకులన్నది అప్పుడు చెప్పిన కారణాలలో ఒకటి. హక్కులకు తలకాయలు లెక్కపెట్టిన తీర్పు అది. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ తప్పు దిద్దారు. 2023 అక్టోబరు 17న వివాహ హక్కును మాత్రం నిరాకరించారు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377వ సెక్షనుకు సాటివచ్చేది లేదు. దానితో పాటు మగవాడి మీద జరిగే అత్యాచారాన్ని శిక్షించటానికి ఉన్న ఒక్క సెక్షనూ పోయింది. దాన్ని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నేరం కాదనటం వేరు, మనిషి అనటం వేరు. మొదటిది కోర్టు చేసింది. రెండోది చేయవలసినవాళ్లు వార్తలు రాసేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు.

ఇది చేయటం కష్టమేమీ కాదని పక్క రాష్ట్రం చూస్తే తెలుస్తుంది. 2021లో మద్రాసు హైకోర్టులో ఇద్దరు యువతులు రక్షణ కోరి వస్తే, న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ తనకీ విషయం తెలియదనీ, తనలోనూ ముందే పాతుకున్న అభిప్రాయాలున్నాయనీ ఒప్పుకుని, ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకుని ఆ తర్వాత తీర్పు చెప్పారు. ఆత్మవిమర్శ అనే మాట మన పత్రాల్లో పేజీకి రెండుసార్లు కనబడుతుంది. చేసి చూపింది ఒక హైకోర్టు జడ్జి. ఆ కేసు ఫలితంగానే 2022లో తమిళనాడు ప్రభుత్వం పత్రికలవారు వాడవలసిన గౌరవప్రదమైన మాటల పట్టికను గెజెట్‌లో ప్రకటించింది. "పాల్ పుదుమైయినర్" అని కొత్త తమిళ మాటను కూడా చేర్చింది. తమిళులు తమ భాషలో మాట వెతుక్కున్నారు.

మనమూ వెతుక్కోవచ్చు. "స్వలింగ ప్రేమికులు" అని ఈ వ్యాసంలో రాశాను. ఇంతకంటె మంచి మాట ఆ మనుషులే చెబితే దాన్నే వాడదాం. తెలుగు శాఖల్లో పనిచేసేవాళ్లం, పత్రికల్లో ఉప సంపాదకులుగా ఉన్న మన పూర్వవిద్యార్థులు, ఆ మనుషులు, ఒక ఆదివారం కూర్చుంటే ఒక పట్టిక తయారవుతుంది. విరాటపర్వం ఈసారి చెప్పినప్పుడు, బృహన్నల దగ్గర నవ్వు వస్తే ఆగి, ఆ రోజు యుద్ధంలో గెలిచింది ఎవరో పిల్లలనే అడిగాను. నవ్వు ఆగింది. ఖాళీ బెంచీ ఖాళీగానే ఉంది.

మాష్టారు ఫోను చేశారు. తిట్టటానికి కాదు. సిరాస్ సంగతి ఎవరి ద్వారానో విన్నారట, వివరాలడిగారు. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరేనయ్యా, వచ్చే సమావేశంలో ఎజెండాలో పెట్టించు. చివరి అంశంగా పెట్టమను" అన్నారు. చివరి అంశం వచ్చేసరికి సగంమంది బస్సులకు లేచిపోతారని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మొదటి అంశంగా పెట్టమని కార్యదర్శికి ఉత్తరం రాశాను.